శత్రువు రాగల దారులు

పుదుచ్చేరి కదిర్కామంలోని ఆ వీధి ఒక శుక్రవారం ఉదయం యుద్ధరంగంగా ప్రకటితమైందన్న సంగతి వీధికి తెలియదు. పాలవాడు వచ్చి పోయాడు. చేపలమ్మ తన వంతు అరుపు అరిచింది. ఆ ప్రకటన వెలువడినది వి. సుబ్బరాయలు గారి డాబా మీద; దానికి సాక్షులు తీగ మీద ఆరుతున్న రెండు చీరలు, మెట్ల మీద నిలబడిన ఆయన భార్య భాగ్యం.

సుబ్బరాయలు గారు గొంతుకూర్చుని, తడిపిన ఇసుకను అరచేతితో చదును చేస్తున్నారు. దండు కదలక ముందు అది నడవబోయే భూమిని చిన్నదిగా చేసి దళాధిపతి పాదాల చెంత పరచే ఈ విద్యను సైన్యంలో శాండ్ మోడల్ అంటారు. పదాతిదళపు గూఢచార విభాగంలో హవల్దారుగా ఆయన సాధన చేసినది ఇదే. కొండల్ని ఇసుకతో, నదుల్ని నీలిపొడితో నిర్మించి, శత్రువు ఏ దారిన రాగలడో వెదురుపుల్లతో చూపించేవారు. ఆ కొండలు ఎక్కినవారు వేరు. శత్రువు ఆయన చూపించిన దారిన వచ్చాడో లేదో ఎవరూ తిరిగి వచ్చి చెప్పలేదు. వీధి ఆయనను 'పట్టాళం సారు' అని పిలిచేది. తమిళంలో సైన్యం పేరు పట్టాళం గనుక, ఒక్క మనిషిని అంతటి పేరుతో పిలవడంలో ఆయనకు అభ్యంతరమేమీ కనిపించలేదు.

"ఏమయ్యా, నా ముగ్గుపిండి యాడ?" అంది భాగ్యం.

"అదిగో, రోడ్డు."

"పసుపు?"

"మెట్ట నేల."

"కుంకం భరిణె గూడా ఖాళీగా ఉండాదే!"

"అది శత్రువు."

భాగ్యం ఇసుక మీదికి వంగి, అగ్గిపెట్టె ఒకదాని నెత్తిన గుట్టగా పోసిన కుంకుమను చూసింది. "బాగుండాది. కట్టుకున్నదానికి లేదు గానీ ఆ ఎళిలరసన్‌కి బొట్టు పెడతా ఉండారు."

ఎళిలరసన్ ఆ అగ్గిపెట్టెలో బ్రాందీ దుకాణం తెరవబోతున్న మనిషి. దాని గోడను ఆనుకుని ఉన్న అగ్గిపెట్టెలో సుబ్బరాయలు గారి కుమార్తె కవిప్రియ సాయంత్రాలు ఆడపిల్లలకు ట్యూషన్ చెబుతుంది. దుకాణం షట్టరు లేచిన రోజు తమ బిడ్డల్ని ఆ గడప తొక్కనివ్వబోమని తల్లులు ముందే చెప్పారు. వాళ్ళది కోపం కాదు, భయం. అందుకే దానికి జవాబు లేదు. కవిప్రియ కోర్టుకు వెళ్ళింది.

ఆమె ఫోను చేతిలో పట్టుకునే మెట్లెక్కి వచ్చింది. "నైనా, వకీలు మాట్లాడినాడు. సోమవారం మన కేసు జడ్జి ముందరికి వస్తాదంట. ఇప్పుడు ఎట్టుండాదో అట్టే ఉండనీండి అని ఆర్డరు ఏస్తారంట."

"అంటే?"

"అంగడి మూసుంటే మూసే ఉంటాది. తెరిచుంటే తెరిచే ఉంటాది. కేసు ముగిసేదాకా."

"ముగిసేది ఎప్పుడంట?"

"నా కాడ చదివే బిడ్డలకి బిడ్డలు పుట్టినాక."

సుబ్బరాయలు గారు వెదురుపుల్ల అందుకున్నారు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న యుద్ధం తన సొంత కుమార్తె ట్యూషను గదికి ఆనుకుని దొరికినందుకు సంతోషించకూడదని ఆయనకు తెలుసు. వీలైనంతవరకు సంతోషించలేదు.

"శత్రువు లక్ష్యం ఏంది? ఆదివారం పొద్దుగుంకేలోగా సరుకు లోపల పెట్టి, షట్టరెత్తి, ఒక్క బాటిలన్నా అమ్మి బిల్లు తీసుకోవాల. మన లక్ష్యం ఏంది? సరుకు లోపలికి పోకుండా ఆపాల. అంతే. ఇప్పుడు భూమిని చూడు."

భూమి ఇది. వీధికి ఉత్తరపు కొస పెద్ద రోడ్డులో కలుస్తుంది. అది వెడల్పు, లారీ కూడా తిరగగలదు. దక్షిణపు కొస మురుగుకాలువ దగ్గర ఆగిపోతుంది. కాలువ వెంబడి ఇళ్ళ వీపుల మీదుగా ఒక సందు; అందులో జనం 'కుట్టి యానై' అని పిలిచే చిన్న సరుకుబండి మాత్రమే, అదీ డ్రైవరు ఊపిరి బిగబట్టుకుంటే, పడుతుంది. దుకాణం పెరటి తలుపు ఆ సందులోకే. ఉత్తరపు మూలన శివగామి ఇడ్లీబండి ఉంది. అక్కడ నిలబడితే ఇటు రోడ్డూ అటు షట్టరూ రెండూ కనిపిస్తాయి. అందువల్ల ఆ ఇడ్లీబండి నాటినుంచి 'కీలక ప్రదేశం' అయింది.

తర్వాత వాతావరణం. బంగాళాఖాతంలో అల్పపీడనం. వాన పడితే కాలువ పొంగి సందు మునిగిపోతుంది. అప్పుడు శత్రువుకు మిగిలేది ఒక్కటే దారి. "వరుణుడు మన పక్కే ఉండాడు," అన్నారు సుబ్బరాయలు గారు, తన కింద పనిచేసే సిపాయిని గురించి చెప్పినట్టు.

"శత్రువు బలహీనత?" అని తానే అడిగి తానే చెప్పారు. "ఫోటో. ఆడోళ్ళు రోడ్డు మీద కూర్చోని ఉంటే బండిని పైకి తోలినట్టు ఒక్క ఫోటో జడ్జికి చేరిందా, వాడి పని అయిపోయినట్టే. కాబట్టి మనుషులుండే దారిన రాడు. లేని దారిన వస్తాడు."

"నైనా," అంది కవిప్రియ, "మీ మిలిటరీ క్యాంటీను రమ్ము బాటిళ్ళు బీరువాలో ఉండాయి. అది ఎవురన్నా ఫోటో తీస్తే?"

"అది ప్రభుత్వ సరఫరా," అన్నారాయన, ముఖం పక్కకు తిప్పకుండా.

*

శత్రుబలగాన్ని కంటితో చూసి ధ్రువపరచుకొనే కార్యం మధ్యాహ్నం జరిగింది. దుకాణం లోపల ఇద్దరు వడ్రంగులు అరలు బిగిస్తున్నారు. ఎళిలరసన్ తెల్లచొక్కాలో వచ్చి, కవిప్రియ కనిపిస్తే "నమస్కారం టీచరమ్మా, బాగుండారా?" అని తమిళంలో అడిగి, జవాబుకు ఆగకుండా వెళ్ళిపోయాడు. షట్టరు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కాపలాదారు ఇరుసప్పన్. ముసలివాడు, ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. కుర్చీ కాలు ఒకటి చిట్లితే దానికి ఇనుపతీగ చుడుతున్నాడు. నాలుగు చుట్లు చుట్టి, కూర్చుని చూసి, ఒరిగితే లేచి మళ్ళీ విప్పుతున్నాడు.

సుబ్బరాయలు గారు శత్రువర్ణనలో అతనికి ఒక వాక్యం కేటాయించారు. కాపలాదారు ఒకడు, తమిళుడు, మందకొడి, లెక్కలోకి రాడు.

యుద్ధమండలి ఇడ్లీబండి దగ్గర సమావేశమైంది. ఇరుసప్పన్ కుర్చీ అక్కడికి పిలుపు దూరంలో ఉన్నా ఎవరూ గొంతు తగ్గించలేదు. తగ్గించవలసిన అవసరం ఆ కుటుంబానికి తరతరాలుగా కలగలేదు. పుదుచ్చేరిలోని తెలుగు ఇళ్ళవాళ్ళకు తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. అయినా ఆ భాష వాళ్ళకు ఇచ్చినంత భద్రత ఏ బ్యాంకు లాకరూ ఇవ్వలేదు. చీరలకొట్టులో యజమాని ఎదుటనే అతని చీరను తిట్టవచ్చు. పెళ్ళిచూపుల్లో వరుడి ముక్కును వరుడి ముందే విమర్శించవచ్చు. కిక్కిరిసిన విల్లియనూరు బస్సులో పక్కసీటు మనిషి జాతకం చెప్పవచ్చు. ఆ ధైర్యానికి ఆధారం ఒక్కటే, ఎదుటివాడు మనవాడు కాడన్న నమ్మకం.

"లారీ వస్తే శివగామి గిన్నె మీద గరిటెతో కొడతాది," అని సుబ్బరాయలు గారు తెలుగులో భార్యకూ కూతురికీ వివరించి, అదే సంగతిని తమిళంలో, మర్యాదగా తగ్గించి, శివగామికి చెప్పారు.

"కొడతా సారు. గిన్నె సొట్టపోతే పట్టాళం ఇస్తాదా కొత్తది?" అంది శివగామి తమిళంలో.

సాయంత్రం కాకముందే గిన్నె మోగింది. ఉత్తరపు కొసన లారీ ముక్కు తిప్పింది. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు వచ్చి, పెళ్ళిపందిట్లో విస్తరి కోసం కూర్చున్నట్టు, నేల మీద వరసగా కూర్చున్నారు. కవిప్రియ ఫోను ఎత్తి పట్టుకుంది. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ లేవలేదు. ఇంజను వేడి ముందు వరసలోని ముఖాలకు తగులుతోంది; ఒకామె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది గాని జరగలేదు. ఎళిలరసన్ షట్టరు దగ్గర్నుంచి ఫోనును ఒక్కసారి చూసి, చెయ్యి ఊపాడు. లారీ వెనక్కి వెళ్ళింది.

విజయం మనిషి చేత మాట్లాడిస్తుంది. సుబ్బరాయలు గారు టీగ్లాసు పట్టుకుని, అప్పుడే టీ కోసం బండి దగ్గరికి వచ్చి నిలబడ్డ ఇరుసప్పన్‌ను గడ్డంతో చూపించారు.

"ఈ ముసలోడిని చూడండి. మొహం నానిన అప్పడం మాదిరి. ఒక క్వార్టరు బాటిలు చూపిస్తే తాళంచెవి తెచ్చి మన చేతిలో పెడతాడు."

"చూపిస్తే చాలు, ఇయ్యనక్కర్లా," అంది భాగ్యం. ఆమె నవ్వింది. కవిప్రియ నవ్వు ఆపుకుని అటు తిరిగింది.

ఇరుసప్పన్ టీ చివరి గుక్క దాకా తాగాడు. గ్లాసు శివగామికిచ్చి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఒరగలేదు.

*

శనివారం వాన రాలేదు. వరుణుడు ఆజ్ఞ ఉల్లంఘించిన సిపాయి వలె ఆకాశంలో మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. గాలి లేదు, చెమట మాత్రం ఉంది. సుబ్బరాయలు గారు సందును పరిశీలించడానికి గొడుగుతో బయలుదేరారు. గొడుగు వేషంలో భాగం. దాని మొనతో నేలను పొడిచి, బండి చక్రం దిగబడుతుందా లేదా అని చూస్తున్నారు. నేల గట్టిగా ఉంది. అది మంచి వార్త కాదు.

దుకాణం పెరటి గోడ దాటుతుండగా అవతల్నుంచి గొంతు వినిపించింది.

"ఆఁ, తింటిని. చింతకాయ తొక్కు తెచ్చుకోనుంటిని. బిడ్డకి జొరం దిగిందా? దిగితే సోమవారం పంపు, సదువు చెడగొట్టాకు."

తెలుగు. అక్షరం పొల్లుపోకుండా, ఆయన తల్లి మాట్లాడిన తెలుగు.

సుబ్బరాయలు గారు గోడ ఇటుకల సందులోంచి చూశారు. ఇరుసప్పన్ ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో టిఫిను డబ్బా మూత పెడుతున్నాడు. జ్వరం, బిడ్డ, చదువు అన్నవి కుటుంబ విషయాలు. సైనిక ప్రయోజనం లేనివిగా గుర్తించి ఆయన వాటిని అప్పటికప్పుడే తోసిపుచ్చారు. మిగిలిన సంగతి మాత్రం అలా తోసిపుచ్చడానికి వీల్లేనిది. గరిటె సంగతి, ఫోటో సంగతి, ఎవరు ఎక్కడ అన్న సంగతి, అన్నీ ఆ కుర్చీకి తెలుసు. కుర్చీకి తెలిస్తే ఎళిలరసన్‌కూ తెలుసు.

ఇంటికి వచ్చి తలుపు మూసి చెప్పారు. భాగ్యం ముందుగా చేసిన పని నోటి మీద చెయ్యి వేసుకోవడం. "అయ్యో, అప్పడం అంటిరే!"

"నువ్వు కూడా అంటివి."

"పోయి మాట్లాడదాం నైనా," అంది కవిప్రియ. "మనోళ్ళే కదా. అట్టా అనింది తప్పు, ఏమనుకోవద్దు అని అడుగుతాం."

"తెలుగు మాట్లాడితే మనోడైపోతాడా? వాడి జీతం ఎవురిస్తాండారు?" సుబ్బరాయలు గారు అటూ ఇటూ నడిచి ఆగారు. ఆయన కళ్ళలోకి ఒక కాంతి వచ్చింది. అది సేనానుల కళ్ళలోకి పెద్ద తప్పుకు ముందు వచ్చే కాంతి అని భాగ్యానికి తెలియదు. "మనకి తెలిసిందని వాడికి తెలియదు. అర్థమైందా? వాడు మన మాట మోసుకుపోయే గాడిద. మనం ఏం మోపితే అది మోస్తాడు."

"ఏం మోపుతారు?"

"అబద్ధం."

వ్యూహం సరళంగా ఉంది. ఆయన దృష్టిలో సౌందర్యం కూడా ఉంది. రేపు అందరూ వెనక సందులో కాపు కాస్తారని, రోడ్డువైపు ఖాళీ అని ఆ ముసలివాడి చెవిన పడాలి. వాడు యజమానికి చెబుతాడు. యజమాని రోడ్డువైపునుంచి బండి పంపుతాడు. బలగమంతా అక్కడే, ఇళ్ళ ముందుగదుల్లో దాగి ఉంటుంది.

"ఎనక పక్క కూడా ఇద్దరినన్నా పెడదాం నైనా."

"బలగాన్ని చీల్చకూడదమ్మా. ఉండేదే పిడికెడు మంది."

సాయంత్రం ఇడ్లీబండి దగ్గర నాటకం జరిగింది. సుబ్బరాయలు గారు రోజూ మాట్లాడేంత గట్టిగానే మాట్లాడారు. అంత జాగ్రత్త ఆయనకుంది. "రేపు తెల్లారినప్పట్నుంచి అందరం ఎనక సందులో ఉంటాం. ఈ పక్క ఒక్కరు గూడా ఉండరు."

భాగ్యానికి అంత జాగ్రత్త లేదు. "అయ్యయ్యో! రోడ్డు పక్క ఎవురూ లేకుంటే ఎట్టా? బండి నేరుగా వచ్చేస్తే?" అని చేతులు తిప్పింది.

"రాదు. వాడు సందులోంచే వస్తాడు, నాకు తెలుసు. అక్కడే పట్టుకుంటాం."

ఇరుసప్పన్ తీగ చుట్టడం ఆపాడు. తలెత్తి కవిప్రియను చూశాడు. ఆమెకు ఆ చూపు ఏమిటో తెలియలేదు; కోపం మాత్రం కాదనిపించింది. తర్వాత జేబులోంచి ఫోను తీసి, దుకాణం మూలకు నడిచి, గోడవైపు తిరిగి తమిళంలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎర మింగినాడు," అన్నారు సుబ్బరాయలు గారు.

*

ఆదివారం తెల్లవారింది. వాన లేదు. రోడ్డు కొస ఖాళీగా, ఆహ్వానిస్తున్నట్టుగా ఉంది. దానికి రెండువైపులా మూసిన తలుపుల వెనుక ఆడవాళ్ళు కొంగులు బిగించి కూర్చున్నారు. శివగామి గరిటె చేతిలో పట్టుకుని ఇడ్లీలు తీయడం మరిచిపోయింది. గిన్నె అడుగంటే వాసన వీధిలోకి వచ్చింది.

సుబ్బరాయలు గారు మొదటి ఇంటి కిటికీ రెక్క సందులోంచి రోడ్డు చూస్తున్నారు. నీళ్ళ ట్యాంకరు మలుపు దగ్గర ఆగింది. గది మొత్తం లేచి నిలబడింది. ట్యాంకరు వెళ్ళిపోయింది. గ్యాసు బండి గంట మోగింది. ఎవరిదో బిడ్డ ఏడవబోతే తల్లి నోరు నొక్కింది. కవిప్రియ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. తెర మీద ఆమె బొటనవేలి చెమట ముద్ర పడి కనిపించింది.

"వస్తాడు," అన్నారాయన. ఎవరూ అడగలేదు.

అప్పుడు గాజుసీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపించింది. సన్నగా, మర్యాదగా, ఇంట్లో అత్తగారు అద్దాల బీరువా సర్దుతున్నట్టు. అది రోడ్డువైపునుంచి రాలేదు.

ఎవరికీ అర్థం కాకముందే వీధి మధ్యలో ఒక మనిషి పరుగెత్తుకు వచ్చాడు. ఇరుసప్పన్. తువ్వాలు ఎక్కడో పడిపోయింది. మూసిన తలుపుల్ని చూసుకుంటూ, ఎవరు వింటారన్న జంకు లేకుండా, తెలుగులో అరుస్తున్నాడు.

"అమ్మా! టీచరమ్మా! యాడ ఉండారు మీరంతా? ఎనక సందులో బండొచ్చేసింది! దించేస్తా ఉండారు! యాడ పోతిరమ్మా?"

తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. అంతమంది రోడ్డువైపు ఇళ్ళలోంచి బయటికి రావడం చూసి ఆ ముసలివాడు నిలిచిపోయాడు. వాళ్ళు అతణ్ణి దాటి పరుగెత్తారు. వీధి చివర, కాలువ మలుపులో, కుట్టి యానై ఖాళీగా వెనక్కి పోతూ కనిపించింది. దాని చక్రాల కింద నేల గట్టిగా, పొడిగా ఉంది.

తిరిగి వచ్చేసరికి షట్టరు లోపలినుంచి లేచింది. ఎళిలరసన్ గుమ్మం ముందు నిమ్మకాయ పెట్టి, కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని ఎంత సేపు మొక్కాలో అంతసేపు మొక్కాడు. మొదటి సీసాను వడ్రంగుల్లో ఒకడు కొన్నాడు. బిల్లు చింపిన శబ్దం వీధి వినగలిగింది. కవిప్రియ ఫోను ఎత్తింది. అడ్డుపడిన వాళ్ళెవరూ లేని ఆ దృశ్యాన్ని ఫోటో తీసి ఏం లాభమో తెలియక దించింది.

ఎళిలరసన్ ఇరుసప్పన్ వైపు చూశాడు. అరుపు అతనూ విన్నాడు. ప్లాస్టిక్ కుర్చీని తానే ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

ఇరుసప్పన్ సుబ్బరాయలు గారి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇంకా రొప్పుతున్నాడు.

"ఎనక సందులో ఉంటామని చెప్తిరే సారూ. నిన్న, ఆ ఇడ్లీబండి కాడ, నా చెవులారా వింటిని."

సుబ్బరాయలు గారు తలుపులు తెరిచి ఉన్న రోడ్డువైపు ఇళ్ళకేసి చూశారు.

"రోడ్డు పక్క ఆడోళ్ళు కాచుకోని ఉండారు, ఎనక పక్క పురుగు గూడా లేదు, అట్టా రండి అని మా ఓనరుకి నేనే చెప్తిని. నేరుగా పోయి మీ చేతిలో పడతాడని." అతను చేతిని గాలిలో ఒక దారిలాగా చాపి, మళ్ళీ దించాడు. "మొన్నట్నుంచి అన్నీ వింటానే ఉండాను. ఒక్క మాట వాడి చెవిన ఏయలా. అప్పడం అంటిరి. క్వార్టరు అంటిరి. పోనీలే అనుకుంటిని. మీతో మాట్లాడితే పని పోతాదని ఊరకుంటిని."

"ఎందుకు..." అన్నారు సుబ్బరాయలు గారు. ఆ ప్రశ్న ఎటువైపుదో ఆయనకే తెలియలేదు.

"మీ కాడ చదివే జయప్రియ నా కూతురి బిడ్డ," అన్నాడు ఇరుసప్పన్, కవిప్రియ వైపు తిరిగి. "జొరం దిగిపోయింది."

గూఢచార విభాగపు హవల్దారు, భూమి వాలునూ గాలి దిక్కునూ చక్రం దిగబడే లోతునూ తెలుసుకున్న ఆ మహానుభావుడు, నడివీధిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఎన్నాళ్ళకో ఒక శత్రువు ఆయన చెప్పిన మాటను నమ్మాడు. కాకపోతే అతను శత్రువు కాదు.

మధ్యాహ్నానికి ముగ్గురు తల్లులు వచ్చి తమ పిల్లలు గదిలో వదిలిన పుస్తకాలు తీసుకుపోయారు. వాళ్ళు కవిప్రియ ముఖం చూడకుండా మాట్లాడారు. గోడ అవతల మొదటి ఆదివారపు గిరాకీ గొంతులు అప్పుడే పెరుగుతున్నాయి. భాగ్యం నల్లబల్లను కొంగుతో తుడిచి గోడ మేకునుంచి దించింది. ఎవరైనా ఒక మాట అనివుంటే సుబ్బరాయలు గారికి కొంత తేలికగా ఉండేది.

కవిప్రియ బెంచీ ఒక కొస ఎత్తింది. తండ్రి రెండో కొసకు కదిలేలోగా ఇరుసప్పన్ వంగి దాన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ బెంచీని గుమ్మం దాటించి ఇంటి అరుగు మీద పెట్టారు. మళ్ళీ వెళ్ళి రెండోది తెచ్చారు. సుబ్బరాయలు గారు మూడోదాన్ని ఒక్కరే ఈడ్చుకుంటూ వెనకాల వచ్చారు.

"తాతా," అంది కవిప్రియ, చేతుల దుమ్ము దులుపుకుంటూ, "జయప్రియని పంపుతారా?"

"ఎందుకు పంపను తల్లీ? యాడ పెడతావో చెప్పు, నేనే తోడుకోని వస్తాను." ముసలివాడు మొదటిసారి సుబ్బరాయలు గారి కళ్ళలోకి చూశాడు. "ఈతూరి నిజం చెప్పండి."